రెండు బుడిపెల మేజోళ్లు

సైమాకి భయం పుట్టుకతోనే వచ్చింది. మా సరస్సు గట్టున ఎవర్ని అడిగినా ఇదే మాట చెబుతారు. మంచు కట్టిన సరస్సు మీదుగా ఊరంతా తిన్నగా నడిచి అవతలి ఒడ్డుకి పోతుంటే, ఆవిడ మాత్రం గట్టు పట్టుకుని మూడు మైళ్లు చుట్టు తిరిగి పోయేది. ఉరిమితే మంచం కిందకి దూరేది. ఊరివాళ్ల చేత బైబిలు చదివించి పరీక్ష పెట్టడానికి పాదిరిగారు వస్తున్నారని తెలిస్తే వారం ముందు నుంచీ తిండి సయించేది కాదు. పెళ్లినాడు "ఇష్టమే" అనాల్సిన చోట కంగారులో "క్షమించండి" అన్నదని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు.

అలాంటి మనిషి అబద్ధమాడటమే వింత. ఆడింది కూడా ఎవరితో? రంతాలా ఇంటి యజమానురాలు హెల్మితో.

అది పంతొమ్మిది వందల పద్దెనిమిది. ఆ జనవరిలో దేశం నిలువునా చీలింది. కూలివాళ్లూ కౌలువాళ్లూ ఎర్ర దళంలో చేరారు, భూములున్నవాళ్లు తెల్ల దళంలో చేరారు. నిన్నటిదాకా ఒకే గడ్డివామి దగ్గర చెమటోడ్చినవాళ్లు తుపాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. మే నెలకల్లా తెల్ల దళం గెలిచింది. సైమా మొగుడు విల్యామి రంతాలా వారి కౌలుదారు. ఎర్ర దళంలో తిరిగాడు. అక్కడ కట్టెలే కొట్టాడో, తుపాకీయే పట్టాడో ఆవిడకి తెలియదు. మే నెలలో అతన్ని పట్టుకుపోయి దక్షిణాన సముద్రం ఒడ్డున ఖైదీల శిబిరంలో పడేశారు. అక్కడ తిండి లేదు, విషజ్వరాలు మాత్రం కావలసినన్ని. ప్రతి ఆదివారం చర్చిలో పాదిరిగారు చనిపోయినవాళ్ల పేర్లు చదువుతుంటే సైమా ముందు బల్లని గోళ్లతో పట్టుకుని కూర్చునేది. మొగుడి పేరు వినపడకపోతే అతనికి ఇంకో వారం ఆయుష్షు దొరికినట్టు.

విడిపించుకునే దారి ఒక్కటే ఉంది. ఊళ్లో పరువున్న ఆసామి ఎవరైనా "ఇతను చెడ్డవాడు కాదు, వదిలెయ్యచ్చు" అని కాయితం రాసి సంతకం పెట్టి పంపాలి. సైమాకి ఆ ఆసామి హెల్మి మొగుడు రంతాలా ఎర్కీయే. ఆ ఎర్కీ కొడుకు ఆర్వి, పంతొమ్మిదేళ్లవాడు, మార్చి నెలలో ఎర్ర దళానికి చిక్కి చచ్చిపోయాడు. ఇక ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

అయినా అడిగింది. జూలైలో గడ్డికోతకి వెళ్లినప్పుడు హెల్మి వెన్న చిలుకుతుంటే పక్కన నిలబడి నీళ్లు నమిలింది.

"అమ్మగారూ, ఆ కాయితం..."

"కాయితం కాయితమని ఈగలా నా చుట్టూ తిరక్కే. మాకు మా ఏడుపులున్నాయి." హెల్మి కవ్వం ఆపి తలగుడ్డ చెంగుతో మెడ తుడుచుకుంది. "అది సరే, నీకు కొంతి అల్లిక వచ్చా?"

కొంతి అంటే భూర్జ చెట్టు బెరడుని పేళికలుగా చీల్చి ఏటవాలుగా అల్లిన బుట్ట. అడవికి పోయేవాళ్లు వీపున తగిలించుకుంటారు. ఊలు మేజోళ్లని అచ్చం ఆ బుట్టలా, ఒక పేళిక కింద నుంచి ఇంకో పేళిక దూరినట్టు గళ్లు గళ్లుగా అల్లితే దానికీ అదే పేరు. రంతాలా ఆడపిల్ల పెళ్లినాడు ఆ మేజోళ్లు తొడుక్కునే గడప దాటాలి. అది ఆ ఇంటి ఆచారం.

"మా అత్తగారు ఆర్వి పోయిన దగ్గర్నుంచీ సూదులు ముట్టట్లేదు" అంది హెల్మి. "ఇక్కడ చూస్తే మా అమ్మాయి సెల్మా పెళ్లి సెప్టెంబరు ఆఖర్న, మిఖాయిల్ పండక్కి. ఊళ్లో ఆడంగులందరూ నోటితో అల్లేవాళ్లే గానీ చేత్తో అల్లేది ఒక్కతీ లేదు. నీకొస్తే చెప్పు. ఆ మేజోళ్లు నా చేతిలో పడ్డరోజున ఆయన చేత సంతకం పెట్టించే పూచీ నాది."

"వచ్చండి" అంది సైమా.

ఆ మాట బయటికి వచ్చాక తనే ఉలిక్కిపడింది. కొంతి అల్లిక ఆవిడ జన్మలో పట్టలేదు. కానీ ఇంట్లో పెట్టె అడుగున అలాంటి మేజోళ్ల జత ఒకటి ఉంది. మార్చి నెలాఖర్లో విల్యామి కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. మోకాళ్లదాకా వచ్చే మగవాళ్ల మేజోళ్లు, బూడిదరంగూ తెలుపూ గళ్లు. "అడుగున దాచెయ్. తొడుక్కోకు, ఎవరికీ చూపించకు" అన్నాడు. ఎక్కడివని ఆవిడ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

ఆ జత చూసి అల్లెయ్యచ్చనుకుంది. హెల్మి కాటా వేసి ఇచ్చిన ఊలు తెచ్చుకుని, గడియ బిగించి, కిటికీకి గుడ్డ కట్టి, పాత మేజోడు ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు కుస్తీ పట్టింది. మామూలు మేజోడైతే గుండ్రంగా తిరుగుతూ కిందికి పోతుంది, చేతులు వాటంతటవే అల్లుకుపోతాయి. ఇదేమో ఒక వరస కుడికి వాలుతుంది, ఒక వరస ఎడమకి వాలుతుంది. ఎక్కడ మొదలెట్టారో, ఎక్కడ ముగించారో అంతు చిక్కదు. నాలుగోరోజుకి చేతిలో ఉన్నది మేజోడూ కాదు, మసిగుడ్డా కాదు. రెండేళ్ల కూతుర్ని పొరుగింటి హుల్దాకి అప్పజెప్పి, ఏడుపు మొహంతో రంతాలా ఇంటికి వెళ్లి నిజం ఒప్పేసుకుంది.

హెల్మి తిడుతుందనుకుంటే నవ్వింది. "నీ మొహం చూసినప్పుడే అనుకున్నాలే. పద, ఆవిడ దగ్గర కూచుని నేర్చుకో. అల్లనని అన్నది గానీ, నేర్పనని అనలేదుగా."

సైమా గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. ఆర్వి నాయనమ్మ గదిలోకి తను వెళ్లడమా? ఆ కుర్రవాణ్ణి పెంచింది ఆ ముసలమ్మే. హెల్మి వెనక నుంచి తలుపు తోసి, "మూడ్రోజులు కుస్తీ పట్టిందట, కొంతి నేర్పండి" అంటూ ఆవిణ్ణి లోపలికి తోసింది.

కరులీనా ముసలమ్మకి చూపు పోయి ఏడేళ్లయింది, వేళ్ల కణుపులు ఉబ్బి అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. పొయ్యి పక్కన ఊగుడు కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవరే?"

"సైమానండి మామ్మగారూ."

"విల్యామి పెళ్లానివా?"

"అవునండి."

వెనక్కి పోదామా అని సైమా ఒక అడుగు వేసింది.

"ఆ టకటక ఏంటే? పళ్లా, సూదులా?"

"సూదులండి. చేతులు వణుకుతున్నాయి."

"చేతులు వణికితే సూదులు ఎత్తుకోవాలా, దించుకోవాలా? దించి కూచో."

ముసలమ్మ ముందు సూది ముట్టనివ్వలేదు. గోడకున్న బెరడు బుట్ట తెప్పించి సైమా ఒళ్లో పెట్టించింది. "ఒక పేళిక పట్టుకుని వేలితో వెళ్లు. ఎక్కడ మాయమైంది?"

"పక్కదాని కింద దూరిందండి."

"బుట్టలో దూరింది. ఊలులో ఏదీ ఎక్కడా దూరదే పిల్లా. దూరినట్టు నటిస్తుంది. ఇది దొంగ బుట్ట. అది తెలీకే నువ్వు మూడ్రోజులు జుట్టు పీక్కున్నావు."

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. పైన పట్టీ అల్లాక ముందు ముక్కోణాలు. ఒక కుట్టు వేసి వెనక్కి తిరుగు, రెండు వేసి తిరుగు, మూడు వేసి తిరుగు, అలా ఎనిమిదిదాకా పో. ఎనిమిది అయ్యాక వాటిని సూది మీద అలాగే వదిలేసి పక్క ముక్కోణం ఎత్తుకో. చుట్టూ తిరిగొచ్చాక రంగు మార్చి, ముక్కోణం పక్క అంచు నుంచి కొత్తగా ఎనిమిది కుట్లు పైకి లాగు. వాటిని అటూ ఇటూ అల్లుతూ ప్రతిసారీ చివరి కుట్టుని పక్కన కాచుకుని ఉన్న పాత కుట్టుతో కలిపెయ్యి. పాతవి ఎనిమిదీ అయిపోతే ఒక గడి పూర్తయినట్టు. పై వరస కుడికి వాలితే కింది వరస ఎడమకి. పిక్క దాటాక ఎనిమిదిని ఏడు చెయ్యి, చీలమండ దగ్గర ఆరు.

వినడానికి ఇంతే. చెయ్యబోతే సైమాకి గుండె దడ. ఏ సమయంలో చూసినా సూదుల మీద పాతిక ముప్పై కుట్లు నోళ్లు తెరుచుకుని కాచుకుని ఉంటాయి. సూది ఒక్కటి జారితే అంతా చేజారినట్టే. అందుకని ప్రతి కుట్టుకీ దారం పీకి పీకి బిగించేది.

ముసలమ్మ అల్లికని వేళ్లతో చూసేది కాదు. వేళ్లలో తెలివి చచ్చిపోయిందనేది. మేజోడుని మూతి దగ్గర పెట్టుకుని కింది పెదవితో మెల్లగా రాసుకుంటూ పోయేది. మొదటిసారి అది చూసి సైమాకి ఒళ్లు జలదరించింది.

"ఇదేం అల్లికే! కుట్లకి ఉరి వేశావా? పక్క గడికి కుట్టు లాగాలంటే సూదిమొన కూడా దూరట్లేదు. వదులుగా వెయ్యి."

"జారిపోతాయని భయమండి."

"ఊలు కుట్టు అంత తొందరగా ఎక్కడికీ పోదే. గొర్రె లాంటిదే అది, వదిలేసిన చోటే నిలబడుతుంది. విప్పు."

విప్పింది. మళ్లీ అల్లింది. జూలై అంతా, ఆగస్టు సగం అదే పని. పొద్దున్న రంతాలా వారి పొలంలో పని, ఆ తరవాత ముసలమ్మ గదిలో తిట్లు. ముసలమ్మ తిట్లకి మాత్రం సైమా నెమ్మది నెమ్మదిగా అలవాటు పడింది. ఆవిడ ఏనాడూ విల్యామి పేరెత్తలేదు, ఆర్వి పేరూ ఎత్తలేదు. ఒకరోజు బెరడు పిండి కలిపిన రొట్టె గుడ్డలో కట్టుకుని వెళ్తే వాసన పట్టి, "గుర్రానికి పెట్టేది నువ్వు తింటున్నావేంటే?" అని తన గిన్నెలో బార్లీ జావ సగం ఇటు జరిపింది. సైమా అది తాగలేక తాగింది. ఆ ఇంటి జావ తాగినందుకు కూడా భయపడే మనిషి.

ఆగస్టు మూడోవారంలో మొదటి మేజోడు మడమ దగ్గరికి వచ్చింది.

"ఆగు" అంది ముసలమ్మ. "మడమకి పైన వెనక వైపు చివరి గడి ఉంది చూడు. దాని నడిమధ్యన ఒక్క కుట్టు తిరగేసి వెయ్యి, బుడిపెలా పైకి తేలుతుంది."

"ఎందుకండీ?"

"నా గుర్తే అది. కళ్లు పోయాక ఉతికిన మేజోళ్ల కుప్పలో ఎవరి జత ఏదో ఎలా తెలియాలి? సెల్మాకి ఒక బుడిపె." ముసలమ్మ కుర్చీ ఊగడం ఆపింది. "ఆర్వికి రెండు. పక్కపక్కనే, రెండు."

ఆవిడ నోట ఆ పేరు వినడం అదే మొదలు. సైమా ఆ బుడిపె వేసింది. ఎలా వేసిందో ఆవిడకే తెలియదు. పిల్లకి ఒంట్లో బాగోలేదని చెప్పి లేచి, పొలం గట్ల మీద పడుతూ లేస్తూ ఇంటికి పరుగెత్తింది.

పట్టపగలు. కిటికీలోంచి ఎండ పెట్టె మీదే పడుతోంది. పెట్టె అడుగునున్న జత తీసి, మడమ పైన బొటనవేలితో తడిమింది. ఒకటి. దాని పక్కన ఇంకొకటి. రెండో మేజోడు తడిమింది. దానికీ రెండు.

సైమా నేల మీద చతికిలబడింది. చచ్చిన కుర్రాడి కాళ్ల నుంచి లాగాడా? లేకపోతే బతికుండగానే లాగాడా? ఆ పిల్లాడు వద్దంటుంటే లాగాడా? తనతో ఏడేళ్లు కాపురం చేసిన మనిషి, కుక్కపిల్లని కూడా కాలితో తన్నని మనిషి. కానీ యుద్ధంలో మనిషి ఏమవుతాడో ఎవరికి తెలుసు? మే నెలలో తెల్ల దళంవాళ్లు తుపాకుల కోసం ఇంటింటా సోదా చేశారు. అప్పుడు మేజోళ్ల కేసి ఎవరూ చూడలేదు. మళ్లీ వస్తే? హెల్మి వస్తే? ఈ జత బయటపడితే కాయితం మాట దేవుడెరుగు, విల్యామిని ఆ శిబిరంలోనే గోడకి నిలబెట్టి కాల్చేస్తారు. తనని ఇంట్లోంచి వెళ్లగొడతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బిగించి బిగించి అల్లడంతో ఊలు ఎక్కువ మింగేసింది, విప్పి అల్లడంలో కొంత చిక్కులు పడి పాడైంది. రెండో మేజోడుకి పాదం దగ్గర చాలదు. హెల్మి ఊలు కాటా వేసి ఇచ్చింది, ఇంకా కావాలని అడిగితే ఏమైందని అడుగుతుంది. ఎదురుగా పెట్టెలో అదే బూడిదరంగు, అదే తెలుపు. ఒక దెబ్బకి రెండు పిట్టలు. భయం ఉన్న బుర్రకి ఇలాంటి తెలివి భలే తొందరగా పుడుతుంది.

పెరట్లో ఆవిరిస్నానాల కొట్టం, సౌనాలోకి పోయి తలుపేసుకుని విప్పడం మొదలుపెట్టింది. కింద పాదం నుంచి పైకి. ఒక్కో గడీ వచ్చిన దారినే వెనక్కి పోతోంది. ఆరు కుట్లు, తిరుగు, పైకి పోయేకొద్దీ ఏడు, తిరుగు, ఎనిమిది, తిరుగు. ఎక్కడా బిగువు లేదు. ప్రతి కుట్టూ పక్కదానికి చోటిచ్చి కూర్చుంది. ముసలమ్మ నెలన్నర నోరు నొప్పెట్టేలా చెప్పింది అప్పుడు చేతికి అర్థమైంది. కొంతి అల్లిక సైమాకి పూర్తిగా వచ్చింది ఆ పూటే, విప్పుతూ.

ఒక మేజోడు ఊలు సరిపోయింది. రెండోదాన్ని ఉంచడానికి ధైర్యం చాలక పొయ్యిలో పెట్టేసింది. ఊలు కాలితే వాసన దాచలేం కదా. దారిన పోతున్న హుల్దా ముక్కు మూసుకుని కేకేసింది.

"ఏం కాలుస్తున్నావే? గొర్రెనా?"

"ఎలక... పొయ్యిలో ఎలక పడింది!"

"ఎలకకి అంత జుట్టా?" అనుకుంటూ హుల్దా వెళ్లిపోయింది. సైమా ఆ రోజంతా తలుపు తీయలేదు.

విప్పిన ఊలుని తడిపి, చెక్కకి చుట్టి ఆరబెట్టి మెలికలు పోగొట్టింది. సెప్టెంబరు మధ్యకల్లా రెండో మేజోడు కూడా పూర్తయింది. ఈసారి వదులుగా, తీరుగా వచ్చింది. తిన్నగా హెల్మికి ఇచ్చెయ్యచ్చు. కానీ గురువుకి చూపించకుండా ఇస్తే అనుమానం వస్తుందని అదో భయం. జత పట్టుకుని ముసలమ్మ దగ్గరికి వెళ్లింది.

ముసలమ్మ మొదటిదాన్ని పెదవితో చూసింది. "బిగువు. అయినా పర్లేదు, సెల్మా కాళ్లు సన్నం." రెండోది అందుకుంది. పట్టీ, ముక్కోణాలు, గళ్లు, వరస తరవాత వరస దిగుతూ వచ్చింది. మొహం విచ్చుకుంది. "ఇదీ అల్లికంటే. ఎవరే దీన్ని అల్లింది, నువ్వేనా? చెయ్యి ఎప్పుడు తిరిగింది నీకు?"

సైమా నవ్వబోయింది. ముసలమ్మ పెదవి పాదం దగ్గరికి వచ్చి ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చి అక్కడే ఆగింది.

"ఈ ఊలు ఎక్కడిది?"

"అమ్మగారు ఇచ్చిందేనండి."

"కాదు. ఇందులో కుక్క బొచ్చుంది." ముసలమ్మ గొంతు మారిపోయింది. "ఆర్వికి చిన్నప్పుడు కాళ్లు మంచు కొరికేసి వేళ్లు నల్లబడ్డాయి. అందుకని వాడి కుక్క బొచ్చు దువ్వి ఊలులో కలిపి వడికేదాన్ని. వాడి ఒక్కడికే. ఆ కుక్క చచ్చి రెండేళ్లయింది. ఇది ఎక్కడిదే?"

సైమా మోకాళ్ల మీద కూలబడింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. మార్చి నెలా, కోటూ, పెట్టే, బుడిపెలూ, అన్నీ ఒక్క ఊపిరిలో బయటికొచ్చేశాయి.

"ఆ జత ఏది?"

"ఒకటి... ఇందులో ఉందండి. రెండోది కాల్చేశాను."

"కాల్చేశావా." ముసలమ్మ చేతులు ఒళ్లో ఉన్న మేజోడుని పట్టుకుని వదిలేశాయి. "వాడి కాళ్ల మీంచి లాగాడా నీ మొగుడు? ప్రాణం ఉండగానా, పోయాకా?"

"నాకు తెలీదండి."

"రెండు నెలలు పక్కనే ఉన్నాడుగా. అడగలేదా?"

"అడగలేదండి. భయమేసింది."

ముసలమ్మ తల వెనక్కి వాల్చి, ఇల్లు అదిరేలా కేక వేసింది. "ఎర్కీ! ఒరే ఎర్కీ!"

అయిపోయింది అనుకుంది సైమా. ఎర్కీ గడ్డిపోచలు అంటుకున్న చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి, నేల మీదున్న సైమాని చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా?"

"మేజోళ్లు అయిపోయినయ్. దీని మొగుడి కాయితం మీద సంతకం పెట్టు."

"పండగ పోనీ, చూద్దాంలే."

"ఇవాళ పెట్టు. ఇప్పుడు. పెట్టి రేపటి రైలుకి పంపు. నీ కొడుకు నాయనమ్మని, నేను చెబుతున్నా."

ఎర్కీ తల్లి మొహంలోకి చూశాడు, కలం వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు. సైమా ముసలమ్మ పాదాలు పట్టుకోబోతే ఆవిడ కాలు లాక్కుంది.

"జాలనుకోకు. నీ మీదా నాకు జాలి లేదు, నీ మొగుడి మీదా లేదు. చచ్చినోడు నాకేం చెబుతాడే? వాడు బతికి రావాలి. వచ్చాక మీ గడప తొక్కకముందే నా దగ్గరికి తీసుకురా. ఇక్కడ నిలబడి నాకు చెప్పాలి. ఎర్కీకి చెప్పాలో వద్దో అప్పుడు చూసుకుంటా."

అన్నట్టే కాయితం వెళ్లింది. సైమా కోరుకున్నదదే. ఇప్పుడు ఆ కోరిక తీరితే ఏమవుతుందోనని కొత్త భయం పట్టుకుంది. ఆదివారాలు చర్చిలో విల్యామి పేరు వినపడకపోతే ఒక ఊపిరి వదిలేది, ఆ వెంటనే ఇంకో ఊపిరి బిగపట్టేది. మిఖాయిల్ పండగనాడు సెల్మా ఆ మేజోళ్లతో గడప దాటి బండెక్కి మొగుడి ఊరు వెళ్లిపోయింది. పెళ్లివాళ్లకి బంగాళదుంపలు వడ్డిస్తూ సైమా ఆ కాళ్ల కేసి చూడలేకపోయింది.

అక్టోబరు చివర్లో విల్యామి వచ్చాడు. స్టేషన్లో దిగినవాణ్ణి చూసి ముందు ఎవరో ముసలాయన అనుకుంది. కోటులో మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. దారిలో మూడుచోట్ల కూర్చున్నాడు. మూడోచోట సైమా చెప్పాలనుకున్నది చెప్పేసింది, సగమే.

"మామ్మగారికి ఆ మేజోళ్ల సంగతి తెలిసిపోయింది. ముందు అక్కడికే రమ్మంది. నీకు ఇష్టం లేకపోతే... అడవి దారుంది. నేనేం అనను."

విల్యామి బూట్ల కేసి చూశాడు. "తప్పించుకుని ఎక్కడికి పోతానే? నడవడానికే ఓపిక లేదు. అయినా మార్చిలోనే వెళ్లాల్సింది నేను."

రంతాలా ఇంటి వెనక మెట్ల నుంచి ఇద్దరూ ముసలమ్మ గదిలోకి వెళ్లారు. ఎర్కీ, హెల్మి పొలంలో ఉన్నారు. ముసలమ్మ కూర్చోమనలేదు. "చెప్పు" అంది.

విల్యామి గోడకి ఆనుకుని చెప్పాడు. ఆర్విని పొట్టలో గుండు దెబ్బతో పట్టుకొచ్చి ధాన్యం ఆరబెట్టే కొట్టంలో పడేశారట. కాల్చిన చెయ్యి ఎవరిదో తెలియదు, కాపలా మాత్రం తనదే. ఇద్దరూ కలిసి ఆరేళ్లు గడ్డి కోసినవాళ్లు. నీళ్లడిగితే ఇచ్చాడు, తల కింద తన టోపీ పెట్టాడు. మధ్యాహ్నం దాటాక ఆర్వి తనే బూట్లు విప్పమన్నాడట, మేజోళ్లు తనే కిందికి జరుపుకున్నాడట.

"'ఇవి మా నాయనమ్మకి ఇచ్చెయ్ విల్యామీ, మట్టిలో పాడైపోతాయి, అల్లడానికి ఆవిడకి చలికాలమంతా పట్టింది' అన్నాడండి. 'ఒక్కరోజు కూడా కాళ్లు జివ్వుమనలేదని చెప్పు' అన్నాడు. పొద్దు వాలకముందే పోయాడండి." విల్యామి మొహం చేతులతో తుడుచుకున్నాడు. "తెద్దామనే ఇంటికి తెచ్చాను. మీ గుమ్మంలో ఆ జతతో కనపడితే నా మాట ఎవరు నమ్ముతారు? రేపు, రేపు అనుకున్నా. భయపడ్డానండి."

ముసలమ్మ పెదవులు రెండుసార్లు కదిలాయి. 'ఒక్కరోజు కూడా' అన్నది మాత్రం వినపడింది. రెండు చేతులూ ముందుకి చాచింది, ఎవరో ఏదో అందిస్తున్నట్టు.

విల్యామి పెళ్లాం వైపు తిరిగాడు. అతని మొహం ఏడు నెలల తరవాత తేలికపడింది. "ఇంకా చూస్తావేంటి సైమా? పరుగెత్తుకెళ్లి పట్రా. పెట్టె అడుగున ఉన్నాయిగా."

సైమా కదల్లేదు. ఇంతకాలం మొగుడు ఏం చేశాడోనని భయపడింది, తను చేసింది మాత్రం ఇప్పుడు మీద పడింది. మొగుడు తన మొహం కేసే చూస్తున్నాడు. అతని చూపులో అనుమానం లేదు, తొందర మాత్రమే ఉంది.

ముసలమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"దాన్ని పరుగెత్తించకురా" అంది. "అవి నాకెప్పుడో అందాయి. నీ పెళ్లామే తెచ్చిచ్చింది."

"ఇచ్చేసిందా?" విల్యామి గోడ వెంబడి జారి నేల మీద కూర్చుండిపోయాడు. "మంచి పని చేశావే సైమా. నాకు లేని ధైర్యం నీకుంది."

"జాగ్రత్తగానే ఉన్నాయి" అంది ముసలమ్మ. "నువ్వు ముందు ఆ గిన్నెలో జావ తాగు."

సైమా వెళ్లి గిన్నె అందుకుంది. మొగుడి చేతికి అందించేలోపు జావ సగం నేలపాలైంది.